‘నాకేటి తెల్దు గానీ…’ తర్వాత?

ఈ వారం ఉత్తరం ఏడు పేజీలు. రాసినాయనకు నలభై ఒక్కేళ్లు. సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో ఓ పల్లె, ఉంటున్నది హైదరాబాద్‌లో. పదమూడేళ్ల కిందట ఒక టీవీ కామెడీ షోలో లేడీ గెటప్ వేసి, ముక్కుతో పలికే సన్నటి గొంతుతో పైడమ్మ అనే ముసలావిడగా కనిపించారు. మాట చివర ఆ గొంతు పగిలి కీచుమంటుంది. “ఒలమ్మో, నాకేటి తెల్దు గానీ…” అనేది ఆవిడ ఊతపదం. అది జనం నోళ్లలో పడింది. షో అయిపోయినా గొంతు మిగిలింది. పెళ్లి సంగీత్‌లు, కాలేజీ డేలు, షష్టిపూర్తులు, రెండుసార్లు అమెరికాలో తెలుగువాళ్ల సభలు, అన్నీ ఆ గొంతు పుణ్యమే. ఇప్పటికీ సంపాదనలో మూడొంతులు పైడమ్మదేనట.

మొన్న దసరాకు ముందు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పైడమ్మ మాట్లాడటం మొదలుపెడితే హాలు కదల్లేదు. వెనక వరసలోంచి ఒక కుర్రాడు “అంకుల్, మామూలుగా మాట్లాడండి” అని అరిచాడు. అప్పుడు మాత్రం హాలంతా నవ్వింది. వారం తర్వాత గాజువాకలో ఒక షష్టిపూర్తికి వెళ్తే అక్కడి పెద్దవాళ్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. వీడియోల కింద కామెంట్లు కూడా అలాగే ఉన్నాయి. ఒకరు “చిన్నతనం గుర్తొచ్చింది” అంటారు, ఒకరు “ఈ గొంతు వింటే తలనొప్పి” అంటారు, ఇంకొకరు “మా యాసని అమ్ముకుంటున్నాడు” అంటారు. మిత్రుడైన ఒక రచయిత పైడమ్మను వదిలేసి సొంత గొంతుతో స్టాండప్ చెయ్యమన్నారు. ఒక ఓపెన్ మైక్‌లో ఐదు నిమిషాలు ప్రయత్నిస్తే రెండే నవ్వులు వచ్చాయి. దసరా నుంచి గొంతు బొంగురు. పొద్దున లేచాక అరగంట మాట రాదు. పదకొండేళ్ల కూతురు స్కూలు యాన్యువల్ డేకి రావద్దంది. మాఘమాసంలో పద్నాలుగు ఈవెంట్లకు ఒక ఆర్గనైజర్ అడ్వాన్స్ పట్టుకుని కూర్చున్నాడు. షరతు ఒక్కటే, మొత్తం పైడమ్మే కావాలి.

ఆరో పేజీ చివర, బ్రాకెట్లో అన్నట్టుగా, ఇంకో సంగతి ఉంది. పైడమ్మ గొంతు ఆయన పెద్దమ్మది. ఆవిడ ఆషాఢంలో పోయారు. పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర పిల్లలు “బాబాయ్, పైడమ్మలా ఒక్కసారి” అని వెంటపడితే ఈయన అన్నారు. అందరూ నవ్వారు. పెద్దమ్మ కూతురు మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఫోన్ తియ్యడం లేదు.

“నా గొంతు ఇంకా నవ్వు తెప్పిస్తుందా, లేదా? ఒక్కమాటలో చెప్పండి” అని ముగించారు.

*

ఒక్కమాటలో చెప్పగలిగితే మీరు ఏడు పేజీలు రాసేవారు కాదు. మీరు పంపిన ఎనిమిది వీడియోలూ చూశాను. నాలుగు పాతవి, నాలుగు ఈ రెండేళ్లలోవి. వయసులో ఉన్నప్పుడు నాటక పరిషత్తు పోటీల్లో తెర పక్కన కూర్చుని ప్రాంప్టింగ్ చెప్పినదాన్ని కాబట్టి, నవ్వు ఎక్కడ మొదలవుతోందో చెవి పెట్టి వినడం నాకు అలవాటు. అలాగే విన్నాను.

పాత వీడియోల్లో మీరు “ఒలమ్మో” అనగానే నవ్వు రాదు. జనం సర్దుకుని కూర్చుంటారు, అంతే. నవ్వు “గానీ” తర్వాత వస్తుంది. పెళ్లిచూపుల స్కిట్‌లో పైడమ్మ ఓ మూల కూర్చుని “నాకేటి తెల్దు గానీ, పెళ్లికొడుకు సూపు బాగానే ఉన్నాది. ఆ సూపు పెళ్లికూతురి సెల్లి మీదున్నాది, అంతే” అంటుంది. బ్యాంకు స్కిట్‌లో అప్పుకు హామీ అడిగిన క్లర్కుతో “నాకేటి తెల్దు గానీ బాబూ, నీ కుర్సీకే ఒక సక్రం లేదు, నాకేటి హామీ అడుగుతావు?” అంటుంది. ఏమీ తెలీదంటూనే ఆ గదిలో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఆవిడ. అంత పెంకి మాట అంత బలహీనమైన గొంతులోంచి రావడం వల్లే నవ్వొచ్చింది.

కొత్త వీడియోల్లో? ఏడు నిమిషాల ఐటమ్‌లో ఆ ఊతపదం పంతొమ్మిదిసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. “గానీ…” అని సాగదీసి మైకు జనం వైపు తిప్పుతారు. జనం “గానీ…” అంటారు. పాట మొదలవుతుంది. మీరు డాన్సు చేస్తారు, ఎవరో వెనక నుంచి కొడతారు, మీరు పడతారు. మొత్తం ఏడు నిమిషాల్లో పైడమ్మ ఒక్క సంగతి కూడా చెప్పలేదు. ఆ కాలేజీ పిల్లలు మీ గొంతును కాదన్నారని మీరు అనుకుంటున్నారు. వాళ్లు పాత పైడమ్మను చూసి ఉండరు, పదమూడేళ్ల కిందట వాళ్లు ఒకటో తరగతిలో ఉంటారు. వాళ్లకు తెలిసింది ఒక శబ్దం, దాని వెనక మనిషి లేదు. గాజువాక పెద్దవాళ్లకు మాత్రం మనిషి గుర్తుంది. మీరు “గానీ” దగ్గర ఆపేసినా, మిగతాది వాళ్లు మనసులో పూరించుకుని నవ్వారు. రెండు చోట్లా గొంతు ఒక్కటే, తేడా జ్ఞాపకంలో ఉంది. ఆ జ్ఞాపకం ఉన్నవాళ్లు ఏటేటా కొందరు తగ్గుతారు గానీ పెరగరు.

కొండవలస లక్ష్మణరావు గారిని తలుచుకోండి, మీ వైపు మనిషే. 2002లో వంశీ తీసిన ‘ఔను వాళ్లిద్దరూ ఇష్టపడ్డారు’తో ఆయన గొంతు ఊరూరా తెలిసిపోయింది. “ఐతే ఓకే” ఈరోజుకీ జనం అంటారు. ఆ రెండు మాటలూ మామూలు గొంతుతో అన్నా చిన్న నవ్వు వస్తుంది, ఎందుకంటే ససేమిరా అని భీష్మించుకున్న మనిషి ఠక్కున మెత్తబడటం అందులో ఉంది. గొంతు దాన్ని పదింతలు చేసింది. అంతకుముందు ఏళ్ల తరబడి నాటకాలాడిన మనిషి ఆయన. ఎక్కడ ఆగాలో తెలుసు. అదే గొంతును మనిషి లేకుండా ఉత్తినే వాడిన సందర్భాలు కూడా తర్వాత వచ్చాయి, అవి ఎవరికీ గుర్తులేవు.

మీ మిత్రుడు నేరెళ్ల వేణుమాధవ్ గారి పేరెత్తి, ఒక్క గొంతు పట్టుకుని వేలాడటం ఏమిటన్నారని రాశారు. వరంగల్ నుంచి బయల్దేరి 1971లో ఐక్యరాజ్య సమితి దాకా వెళ్లిన కళాకారుడాయన, 2001లో పద్మశ్రీ. కానీ ఈ పోలిక మీకు అతకదు. మిమిక్రీలో జనం అసలు గొంతు ఎరిగి ఉంటారు, అచ్చు దించేశాడని చప్పట్లు కొడతారు. మీ పైడమ్మకు అసలు ఎవరో టీవీ చూసేవాళ్లకు తెలీదు. వాళ్లకు అది ఒక పాత్ర. అది మిమిక్రీ అయింది జన్మలో ఒక్కసారే, పెద్దకర్మ భోజనాల దగ్గర. అక్కడ కూర్చున్న ప్రతివాళ్లకూ అసలు గొంతు తెలుసు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ముందు ఆ కుర్రాడి గురించి. “అంకుల్, మామూలుగా మాట్లాడండి” అన్నాడని మీరు నొచ్చుకున్నారు. నాకైతే ఆ రాత్రి కార్యక్రమంలో మంచి మాట అదే అనిపించింది. మీకు అందించిన మాట అది, మీరు అందుకోలేదు. పాత పైడమ్మ అయితే ఊరుకునేదా? “నాకేటి తెల్దు గానీ బాబూ, మామూలుగా సెప్పిన పాఠాలకే నాలుగు సబ్జెక్టులు ఉంచేసినావట, నేను కూడా మామూలుగా సెప్పేదేటి?” అనేది. నేను రాస్తే ఇంతే, మీరు రాస్తే ఇంకా బాగుంటుంది. విషయం ఏమిటంటే, చిరాకు పుట్టించే గొంతు పక్కన చిరాకు పడే మనిషి ఒకడు వేదిక మీద ఉండాలి. సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు జంటను చూడండి. 1982లో వచ్చిన జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’తో వాళ్లకు ఇంటిపేరే సుత్తి అయిపోయింది. విసుగు పుట్టించడమే ఒకరి పని, దాన్ని భరించలేక విలవిల్లాడటం రెండోవారి పని. రెండోవారి మొహం చూసి మనం నవ్వాం. ఆ మొహం తీసేస్తే మనకే విసుగొచ్చి లేచిపోయేవాళ్లం. టీవీ షోలో మీ పక్కన అల్లుడిగానో క్లర్కుగానో ఎప్పుడూ ఒకరు ఉండేవారు. ఈవెంట్లలో ఖర్చు కలిసొస్తుందని ఒంటరిగా వెళ్తున్నారు. చిరాకు పడే ఉద్యోగం జనానికి అప్పజెప్పారు. వాళ్లు దాన్ని శ్రద్ధగా చేస్తున్నారు.

యాస గురించి వచ్చిన కామెంట్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. “నేను ఆ జిల్లావాడినే, నాకు హక్కుంది” అని రాశారు. హక్కు ఉంది, ఎవరూ కాదనరు. కానీ తెలంగాణవాళ్లకైనా ఉత్తరాంధ్రవాళ్లకైనా సినిమాల్లో తమ మాట పనిమనిషికో, రౌడీకో, తన్నులు తినే జోకరుకో పెట్టడం ఏళ్ల తరబడి చూసి చూసి పుండయ్యింది. మీ పాత స్కిట్లలో ఆ యాస అందరికన్నా తెలివైన మనిషి నోట ఉంది, అప్పుడు ఎవరూ నొచ్చుకోలేదు. ఇప్పుడు పడిపోయే, దెబ్బలు తినే మనిషి నోట ఉంది. ఆ కామెంట్ పెట్టినాయన కూడా, నాలాగే, “గానీ” తర్వాత ఏమీ లేకపోవడాన్నే పట్టుకున్నాడు.

ఇక గొంతు. దసరా నుంచి అంటే రెండు నెలలు దాటింది. దీనికి మిరియాల పాలూ కరక్కాయా చాలవు. మూడు వారాలు మించి బొంగురు పోకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు స్వరతంత్రులు చూపించుకోవాలి. గొంతును అతిగా వాడేవాళ్లకు వాటి అంచున చిన్న బొడిపెలు రావడం మామూలే. టీచర్లకు వస్తాయి, గాయకులకు వస్తాయి, బస్టాండులో అరిచేవాళ్లకూ వస్తాయి. సాధారణంగా గొంతుకు విశ్రాంతినిచ్చి, స్పీచ్ థెరపిస్టు దగ్గర సరిగ్గా పలకడం నేర్చుకుంటే తగ్గుతాయి. కోత దాకా వెళ్లాల్సినవి తక్కువ. అయితే మీకున్నది అదేనని మీరూ నేనూ అనుకోవడానికి లేదు, బొంగురుకు వేరే కారణాలు కూడా ఉంటాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వినికిడి, మాట సమస్యలు చూసే ప్రభుత్వ సంస్థ. థెరపీ అవసరమని డాక్టరు అంటే అక్కడా అడిగి చూడొచ్చు. అప్పటిదాకా ఇంట్లో గుసగుసగా మాట్లాడి గొంతుకు విశ్రాంతి ఇస్తున్నానని మురిసిపోకండి, గుసగుస కూడా శ్రమే. ఇంకో మాట. టీవీలో కాలర్‌కు మైకు పెట్టుకుని పైడమ్మ మెల్లగా గొణిగేది, పక్కింటి గుట్టు చెప్పినట్టు. సంగీత్‌లలో డీజే స్పీకర్ల మీద పోటీపడి అరుస్తోంది. అరిచే ముసలావిడకు రహస్యాలేం తెలుస్తాయి?

మీ ముందున్న దారులు నాకు కనిపించినంత వరకు చెప్తాను.

అడ్వాన్స్ తీసుకుని పద్నాలుగూ ఇప్పటిలాగే చెయ్యొచ్చు. ఇందులో తప్పేమీ లేదు, ఇంటి ఈఎంఐలు నేను కట్టను కదా. షష్టిపూర్తులకు పిలిచేవాళ్లు ఇంకో ఐదారేళ్లు పిలుస్తూనే ఉంటారు. కాలేజీలు మాత్రం పోతాయి, అవి పోయాక సంగీత్‌లు పోతాయి, ఎందుకంటే పెళ్లి చేసుకునేది ఆ కాలేజీ పిల్లలే. మధ్యలో ఏ ఏడో ఈవెంట్ దగ్గరో గొంతు మూతపడితే తీసుకున్న డబ్బు తిరిగివ్వాలి.

రెండోది మీ మిత్రుడు చెప్పినది, పైడమ్మను పూర్తిగా వదిలెయ్యడం. ఓపెన్ మైక్‌లో రెండే నవ్వులని దిగులుపడ్డారు గానీ, పదమూడేళ్లు ఒక గొంతు చాటున ఉన్న మనిషి తన గొంతుతో మొదటిసారి ఐదు నిమిషాలు మాట్లాడి రెండు నవ్వులు తెచ్చుకోవడం పరువు తక్కువేమీ కాదు. కానీ దాని మీద ఇల్లు గడవడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. ఆ రెండేళ్లూ ఏ వేదిక ఎక్కినా “పైడమ్మా!” అని కేకలు వినిపిస్తాయి. దానికి మీ దగ్గర జవాబు ఉండాలి. ఇంట్లో ఆవిడతో కూర్చుని లెక్కలు వెయ్యకుండా ఈ దారి పట్టకండి. “ఆ గొంతు మానెయ్” అన్నారని రాశారు గానీ, ఎన్నాళ్లు ఎంత తక్కువలో సర్దుకోగలరో ఆవిడను అడిగినట్టు ఎక్కడా రాయలేదు.

మూడోది నాకు నచ్చింది. నచ్చిందని ముందే చెప్తున్నాను, ఆ మేరకు తగ్గించుకుని వినండి. తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా తెలుసు కదా. రాత్రంతా రామాయణమో భారతమో నడుస్తుంది. జనం కునికే వేళకు మధ్యలో కేతిగాడు దూకుతాడు. అవే బొమ్మలు, అవే గొంతులు, తాతల నాటి నుంచీ. బోరు కొట్టలేదు. వాడు వచ్చేది కాసేపే, మాట్లాడేది ఆ ఊరి సంగతి. ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి కరణం, ఆ ఊరి చెరువు, ఆ ఊరి అల్లుడు. గొంతు పాతది, కబురు కొత్తది. మీరు కూడా నలభై నిమిషాల కార్యక్రమంలో పైడమ్మకు ఎనిమిదో పదో నిమిషాలు ఇచ్చి, మిగతాది మీ గొంతుతో నడపొచ్చు. పక్కన చిరాకు పడే ఒక కుర్రాణ్ని పెట్టుకోవచ్చు. పెళ్లివారింటికి ఒకరోజు ముందు ఫోన్ చేసి పెళ్లికొడుకు మేనమామ గురించి నాలుగు ముక్కలు కనుక్కుని, అవి పైడమ్మ నోట పెట్టొచ్చు. గొంతుకు కూడా ఇదే క్షేమం. చిక్కు ఎక్కడంటే, ఆర్గనైజర్ “మొత్తం పైడమ్మే” అన్నాడు. రేటు తగ్గిస్తాడు. పక్కవాడికి వాటా ఇవ్వాలి. మొదట్లో చేతికొచ్చేది సగమే కావచ్చు. పద్నాలుగింటిలో మూడో నాలుగో ఈ పద్ధతిలో చేసి చూపిస్తానని అడగండి. కాదంటే, ఆ పద్నాలుగూ వేరే ఎవరితోనో చేయించుకుంటాడు, మీ గొంతును అనుకరించే కుర్రాళ్లు ఇప్పటికే ఇద్దరు ముగ్గురున్నారని మీరే రాశారు. ఆ ముప్పు నిజమైనదే.

ఇప్పుడు ఆరో పేజీ. కాలేజీలో హాలు బిగుసుకుపోయింది దసరాకు ముందు. పెద్దమ్మ పోయింది ఆషాఢంలో. మధ్యలో రెండు మూడు నెలలే. మీ గొంతు మీద మీకు అనుమానం మొదలైంది కాలేజీలోనా, భోజనాల దగ్గరా? పైడమ్మ మాటలు తగ్గడం రెండేళ్ల నాటి వీడియోల్లోనే ఉంది కాబట్టి నేరమంతా ఆ రోజు మీద మోపను. కానీ “జనం నవ్వుతున్నారా” అని మీరు నన్ను అడుగుతున్న ప్రశ్న వెనక “ఆ రోజు నేను నవ్వించి ఉండాల్సింది కాదేమో” అనేది వినిపిస్తోంది.

మీ అక్క ఎందుకు లేచి వెళ్లిందో మీకు తెలీదు. అవమానమనిపించి ఉండొచ్చు. లేదా పదకొండు రోజులుగా ఇంట్లో వినపడని గొంతు ఉన్నట్టుండి వరండాలోంచి వినపడి తట్టుకోలేకపోయి ఉండొచ్చు. రెండూ ఒకటి కాదు. ఫోన్ తియ్యని మనిషికి మెసేజ్‌లో క్షమాపణ పంపితే ఒక బొమ్మ పెట్టి ఊరుకుంటుంది, విషయం అక్కడే గడ్డకడుతుంది. సంక్రాంతికి ఎలాగూ ఊరు వెళ్తారు. వెళ్లి కూర్చోండి. తప్పయిపోయిందక్కా అనండి, పిల్లలు అడిగారు కాబట్టి అన్నానని మాత్రం అనకండి. పైడమ్మను కొనసాగించడానికి అనుమతి పత్రం కోసం వెళ్తున్నట్టూ ఉండకూడదు. ఆవిడ “ఇక మా అమ్మ గొంతు ఎక్కడా ఎత్తకు” అనే వీలు కూడా ఉంది. అంటే ఏం చేస్తారో వెళ్లేముందే ఆలోచించుకోండి. నేనైతే మానేస్తాను, కానీ నా కడుపు ఆ గొంతు మీద ఆధారపడి లేదు, అందుకని నా మాట చవక. ఇంకో వీలూ ఉంది. పెద్దమ్మ మీ షోలు చూసేదా, చూసి ఏమనేది అని అడగండి. మొదట్లో చూసి నవ్వేదని మీరే ఒకచోట రాశారు. తర్వాత సంగతి రాయలేదు. మీ అక్కకు తెలిసి ఉంటుంది.

పాప విషయం చిన్నది, కంగారు పడకండి. పదకొండేళ్ల పిల్లకు తండ్రి ఏ పని చేసినా స్నేహితుల ముందు సిగ్గే. యాన్యువల్ డేకి వెళ్లండి, చివరి వరసలో కూర్చోండి, ఎవరైనా “పైడమ్మ అనండి సార్” అంటే ఈరోజు ఆవిడకు సెలవని చెప్పండి. మీ మామూలు గొంతుతోనే చెప్పండి.

ఈఎన్‌టీ దగ్గరికి ఈ వారమే. ఊరికి భోగికి ముందు. ఆ రెండూ అయ్యేదాకా ఆ అడ్వాన్స్ ముట్టుకోకండి.